రాబందులు విన్న రేడియో

మార్వా డొలెన్స్కీకి కోపం కొత్త కాదు. గ్రేస్ ఫెర్రీ ఊళ్లో ఆమె నోటికి జడవని మనిషి లేడు. కాని కోపం వేరు, రోత వేరు. కోపం వస్తే నాలుగు మాటలు అనేసి కంచం ముందు కూర్చుంటాం. రోత పుడితే ఆ కంచమే తోసేస్తాం. ఎన్నో ఏళ్లు నోటితోనే నెట్టుకొచ్చిన ఆ మనిషి, షెప్లర్ల ఇల్లు కాలిన ఆ మార్చి నెలలో కంచం తోసేసింది.

ఆమె పుట్టింది ఒహాయో నది ఒడ్డున, ఒక బొగ్గు గని కార్మికుడి ఇంట్లో. చదువు అవుతూనే పింగాణీ కార్ఖానాలో చేరింది. తడి కాగితం మీది గులాబీల్ని పళ్లాల అంచున అంటించి, కింద గాలి బుడగ మిగలకుండా రబ్బరు ముక్కతో నొక్కడం ఆమె పని. కార్ఖానా మూతపడేదాకా అదే చేసింది. ఊళ్లో ఈస్టర్ విందుకి దించే పళ్లాల్లో సగం ఇప్పటికీ మార్వా చేతి గులాబీలే.

భర్త క్లీట్ లారీల షెడ్డులో మెకానిక్. జీతం లేని ఫైర్‌మన్ కూడా. అంత చిన్న ఊళ్లో ఫైర్ స్టేషన్ అంటే వేరే ఎవరో కాదు, ఊరివాళ్లే. సైరన్ మోగితే తింటున్నవాడు తింటున్నట్టే లేచి పరిగెత్తాలి. పెళ్లైన కొత్తలో క్లీట్ అలా పరిగెత్తాక, ఎప్పుడొస్తాడో అసలు వస్తాడో రాడో తెలియక మార్వా కిటికీ పట్టుకుని నిలబడేది. అది చూడలేక అతనే, ఫైర్ వాళ్ల రేడియో మాటలు ఇంట్లో వినిపించే ఒక స్కానర్ కొనుక్కొచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. ఆ డబ్బాతో మాట్లాడలేం, వినడమే. దాని ముందు ఎర్ర దీపాలు వరసగా పరిగెడుతూ, ఎవరైనా మాట్లాడుతున్న చానల్ దగ్గర ఆగేవి. మంట అదుపులోకి వచ్చిందని ఫైర్ చీఫ్ అనడం వినగానే మార్వా పొయ్యి వెలిగించి క్యాబేజీ నూడుల్స్ వేడి చేసేది. క్లీట్ బూట్లు విప్పేసరికి కంచంలో పొగలు వస్తుండేవి. ఫైర్‌మన్ల పెళ్లాలందరి ఇళ్లలోనూ ఇదే తంతు. ఎవరి స్కానరైనా పాడైతే ఇంకొకామె ఫోన్ చేసి, మీ ఆయన గొంతు ఇప్పుడే విన్నాను, బాగానే ఉన్నాడని చెప్పేది.

పొగ మింగీ మింగీ క్లీట్ ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. స్కానర్ మాత్రం మూగబోలేదు. అందులో ఇప్పుడు అతని గొంతు లేకపోయినా, అతను పైపు పట్టుకోవడం నేర్పిన కుర్రాళ్ల గొంతులున్నాయి. వాళ్లలో ఒకడు, ర్యాండల్ కుబిక్, చీఫ్ కూడా అయ్యాడు. చనిపోయినవాడి చుట్టాలతో మాట్లాడుకున్నట్టు మార్వా ఆ డబ్బాకి జవాబులు చెప్పుకుంటూ గిన్నెలు తోముకునేది.

అంతలో రాష్ట్రం వాళ్లు అందరి రేడియోలూ మార్చేశారు. పాత డబ్బా ఒక్కసారిగా చచ్చిపోయింది. మార్వా పక్క ఊళ్లో ఎవరో అమ్ముతుంటే కాస్త కొత్తది తెచ్చుకుంది. అది మరీ అన్యాయం. చీఫ్ మాట సగం వినిపించేది, మిగతా సగం ఉండాల్సిన చోట రోడ్డు మీద మంచు ఊడ్చే లారీవాడు ఉప్పు అయిపోయిందని గొణిగేవాడు.

ఈస్టర్‌కి ముందు, మాంసం మానేసే ఉపవాసపు శుక్రవారాల్లో ఫైర్ స్టేషన్ హాల్లో వేయించిన చేపల భోజనాలు పెడతారు. అక్కడ మార్వా ఈ బాధంతా ఎల్డన్ ప్రూట్ ముందు వెళ్లబోసుకుంది. ఎల్డన్ టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్‌గా పనిచేసి దిగిపోయినవాడు. పెరట్లో చర్చి గంటస్తంభం అంత యాంటెన్నా నిలబెట్టుకుని రేడియోలో ప్రపంచంతో మాట్లాడుతుంటాడు.

"ఈ హాల్లో ఒకప్పుడు ఎవరి బల్ల వాళ్లకుండేది, గుర్తుందా?" అన్నాడు ఎల్డన్, చేప ముళ్లు తీస్తూ. "కుబిక్‌ల బల్ల, షెప్లర్ల బల్ల. వాళ్లు రాకపోయినా అది ఖాళీగా పడుండాల్సిందే, ఇంకొకడు కూర్చోడానికి లేదు. పాత రేడియో అంతే. ఫైర్ వాళ్లకో చానల్, పోలీసులకో చానల్, రోడ్ల వాళ్లకో చానల్. నువ్వు ఫైర్ వాళ్ల బల్ల పక్కన చెవి పెట్టుకు కూర్చుంటే చాలు."

"ఇప్పుడేమైంది?"

"ఇప్పుడు గుమ్మంలో బెర్నీస్ నిలబడింది చూడు. నువ్వు రాగానే ఏమంది? డొలెన్స్కీనా, నాలుగో బల్లకి పో అంది. నువ్వు లేవగానే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మళ్లీ ఇంకోసారి తినడానికి వచ్చావనుకో, నీకు ఏడోది. బల్లలు కొన్నే, జనం బోలెడు, ఏదీ ఖాళీగా ఉండదు. కొత్త రేడియో అదీ. ఒక చానల్ బెర్నీస్ లాగా ఎప్పుడూ గుమ్మంలోనే ఉంటుంది. అందులో మాటలుండవు, నూనెలో చేప వేగినట్టు చప్పుడొక్కటే. ర్యాండల్ బటన్ నొక్కితే వాడి రేడియో ముందు దాన్ని అడుగుతుంది, చోటుందా అని. అది ఏదో ఒక ఖాళీ చానల్ చూపించి, మన ఫైర్ గుంపు నంబరున్న రేడియోలన్నిటినీ అక్కడికి తోలుతుంది. వాడి మాట అవగానే ఆ చోటు పోయింది. తర్వాతి మాట ఇంకోచోట."

"మరి నా డబ్బా?"

"నీ డబ్బా నాలుగో బల్ల పక్కనే గుడ్లప్పగించి కూర్చుంది. డొలెన్స్కీలు ఏడోదానికి పోయారు, నాలుగో దాంట్లో మంచు ఊడ్చేవాడొచ్చి కూర్చున్నాడు. నీకు కావాల్సింది బెర్నీస్ మాట వినే స్కానర్. ఏ గుంపు కావాలో దాని నంబరు ఎక్కించు. ఆ నంబరు పిలవగానే ఏ బల్లైనా సరే, అదే పరిగెత్తుకెళ్లి చెవి పెడుతుంది."

అన్నేళ్లు స్తంభాలెక్కి చివరికి చేపల పోలిక తెచ్చావా అని మార్వా అతన్ని ఆటపట్టించింది గాని, విషయం ఆమెకి బాగా ఎక్కింది. ఎల్డన్ తెప్పించిన కొత్త స్కానర్‌లో ఫైర్ గుంపు, అంబులెన్స్ గుంపు, జిల్లా పోలీసులైన షెరీఫ్ వాళ్ల గుంపులు తనే ఎక్కించుకుంది. రెండు కొండల మీది టవర్లు ఒకే మాటని రవ్వంత తేడాతో పంపితే అది డబ్బాలో కలగాపులగం అవుతుందని కనిపెట్టి, ఫ్రిజ్ మీద నుంచి దాన్ని వెనకగది కిటికీలోకి మార్చింది. అక్కడైతే ఒక టవర్‌కి కొండ అడ్డం.

ఆ స్కానర్ శబ్దాన్ని ఇంటర్నెట్‌లో పెడదామన్న ఆలోచన ఎల్డన్‌దే. మార్వా ఇంట్లో వినిపించేది కౌంటీలో ఎవరైనా ఫోన్లో వినొచ్చు. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఒకప్పుడు పెళ్లాలు ఒకరికొకరు ఫోన్ చేసి చెప్పుకున్నదే కదా ఇది. అంబులెన్స్ నడిపే కొడుకున్న ఒక ముసలామె, మంచంలో ఉండి, నీ పుణ్యమా అని వాడి గొంతు వింటూ నిద్రపోతున్నానని కార్డు రాసింది. మార్వా దాన్ని ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఆ ఏడాదంతా ఆమెకి మంచి రోజులే.

రోత ఒక్కసారిగా రాలేదు. ముందు చిన్నగా మొదలైంది.

ఊళ్లో జుట్టు కత్తిరించే దుకాణం నడిపే ట్రేసీ గార్వర్ ఒక పేజీ పెట్టింది. మార్వా రేడియోలో వచ్చేదంతా విని అందులో రాసేస్తుంది. ఏ వీధి, ఏ ఇల్లు, ఎవరికి ఏమైంది. కౌంటీలో సగం మంది ఆ పేజీ చూస్తారు. లోకస్ట్ వీధిలో ఒక కుర్రాడు మత్తుమందు ఎక్కువై పడిపోయాడు. అంబులెన్స్ వాళ్లు ముక్కులో మందు కొట్టి బతికించారు. అది మొదటిసారి కాదు. మార్వా ఆ సాయంత్రం పేజీ తెరిచి చూస్తే కింద వరసగా నవ్వు బొమ్మలు. మళ్లీ వాడేనా అని ఒకరు. ఈసారి వదిలెయ్యాల్సింది, మన పన్నులు మిగిలేవి అని ఇంకొకరు. పేర్లు చూసింది. చర్చిలో ఆమె వెనక బెంచీలో కూర్చుని పాడే గొంతులు. ఆ తర్వాతి ఆదివారం ఆమె చర్చి మెట్ల దాకా వెళ్లి, వాళ్లతో చేతులు కలపాల్సి వస్తుందని తట్టి వెనక్కి వచ్చేసింది.

తర్వాత షెరీఫ్ మనుషుల వంతు. మొగుడు కొడుతున్నాడని ఒకామె ఫోన్ చేస్తే డిప్యూటీలు ఇద్దరు వెళ్లారు. తిరిగి కారెక్కాక ఒకడి రేడియో బటన్ ఎక్కడో నొక్కుకుపోయింది. అది వాడికి తెలియదు. ఆ మొహం చూస్తే నేనైనా కొట్టేవాణ్ని అని వాడన్నాడు. రెండోవాడు పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు మార్వా ఇంట్లో మోగింది, ఇంటర్నెట్ మీద కౌంటీ అంతా మోగింది. ఆ ఆడమనిషి కూడా వినే ఉంటుంది. షెరీఫ్ లైల్ బ్రాక్‌మైయర్ ఆ డిప్యూటీని ఏమీ అనలేదు. నెల తిరక్కుండానే, రేడియోలకి తాళం వేయాలని కౌంటీ పెద్దల ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. డిప్యూటీల ప్రాణాలకి ముప్పుందట. తాళం పడితే స్కానర్‌లో ఆ గుంపు నంబరు వెలుగుతుంది, మాట మాత్రం రాదు. తలుపు వెనక ఎవరో ఉన్నారని తెలుస్తుంది, అంతే.

ఎల్డన్ మండిపడ్డాడు. స్కానర్ వినేవాళ్లందరినీ కూడగట్టాడు. కౌంటీ సమావేశంలో అందరి తరఫునా మాట్లాడాల్సింది మార్వాయే అన్నారు. ఫైర్‌మన్ పెళ్లాం, ఊరికి తెలిసిన మనిషి. ఆమె సరేనంది.

ఆ సమావేశం ఇంకా రాకముందే షెప్లర్ల ఇల్లు కాలింది.

మధ్యాహ్నం వేళ. స్కానర్‌లో గంట మోగి ఎల్మ్ వీధి అనడం, కిటికీలోంచి నల్లటి పొగ కనిపించడం ఒకేసారి జరిగాయి. వాండా షెప్లర్ ఇల్లు మూడు ఇళ్ల అవతలే. ఆమె భర్త లోవెల్ చక్రాల కుర్చీ మనిషి. బట్టలారబెట్టే మిషన్‌లోంచి మంట లేచిందట. మార్వా చేతికందిన రెండు దుప్పట్లు పట్టుకుని పరిగెత్తింది. అప్పటికే ర్యాండల్ మనుషులు పైపులు విప్పారు. మంచు కరిగి బురదైన గడ్డిలో వాండా వట్టి కాళ్లతో నిలబడి ఉంది. ఇద్దరు కుర్రాళ్లు లోవెల్‌ని చేతుల మీద మోసుకొస్తున్నారు. అతని ఒంటి మీద లోపలి బట్టలు తప్ప ఏమీ లేవు.

ఎదురుగా ట్రేసీ ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ప్రాణాలతో ఉన్నాడు, అదృష్టం, చూడండి అని ఫోన్‌కి చెబుతోంది. మార్వా ఒక దుప్పటి లోవెల్ మీద కప్పి, రెండోది వాండా భుజాల మీద వేసి, వెళ్లి ఆ ఫోన్ ముందు అడ్డంగా నిలబడింది. ట్రేసీ పక్కకి జరిగితే తనూ పక్కకి జరిగింది. జనానికి తెలియాలి కదా మార్వా, అని ట్రేసీ మెల్లగా అంది. ఏం తెలియాలి, అతని చెడ్డీ రంగా అని మార్వా అడిగింది.

అప్పుడే వీధి చివర రెండు వ్యాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఆగాయి. కాలిన ఇళ్లకి చెక్కలు కొట్టి, బాగుచేసి, బీమా వాళ్లతో బేరమాడి పెడతామనే కంపెనీల వాళ్లు. నది అవతల పట్నం నుంచి వస్తారు. మంట ఇంకా పైకప్పు లోపల గుర్రుమంటూనే ఉంది. ఇద్దరూ దిగి, ముందు నేను వచ్చానంటే నేను వచ్చానని వాండా ఇంటి గడ్డి మీదే పోట్లాడుకున్నారు. ఒకడు నెగ్గాడు. పాలిష్ చేసిన బూట్లు, గుప్పుమనే సెంటు. పొగ వాసనలో ఆ సెంటు వాసన కలిసింది. వాడు వాండా చెయ్యి పట్టుకుని, నువ్వేం దిగులు పడకమ్మా, ఇక అంతా మేము చూసుకుంటాం, ఇక్కడొక్క సంతకం చెయ్యి చాలు అంటున్నాడు. మార్వా అందుకునే లోపే వాండా గీసేసింది. బీమా డబ్బులో వాడికో వాటా రాసిచ్చినట్టని ఆమెకి తెలియదు. ఆ క్షణంలో ఆమెకి తన పేరైనా తెలుసో లేదో.

అంతలో అవతల ర్యాండల్ తన రేడియోలో, రెండో పైపు వెనక వైపుకి తిప్పండి అని అరిచాడు. మార్వా విన్నది. కాస్సేపటికి అదే మాట, అదే అరుపు, ఆ సెంటువాడి చొక్కా జేబులోంచి వచ్చింది. ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇంటర్నెట్ మీద వెళ్లే మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. తన వెనకగది కిటికీలోని స్కానర్ విని పంపిన మాటే అది.

"అది ఎక్కడిది?" అంది జేబు చూపిస్తూ.

వాడు సంబరంగా నవ్వాడు. "ఇదా? ఈ ఊళ్లోనే ఎవరో ముసలామె నడుపుతుందట. దేవుడామెని చల్లగా చూడాలి. ఆమె లేకపోతే మాకు ప్రతిసారీ ఆలస్యమయ్యేది."

మార్వా ఇంటికొచ్చింది. పొయ్యి మీద ఉదయం పెట్టిన చారు అలాగే ఉంది. వడ్డించుకుంది. రెండు చెంచాలు నోట్లో పెట్టుకుంది. కంచం తోసేసి, వెనకగదిలోకి వెళ్లి ఇంటర్నెట్ తీగ లాగి పారేసింది.

వినేవాళ్ల ఫోన్లు మూగబోగానే ఎల్డన్ వచ్చేశాడు. కోటు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"సమావేశం ఇంకా కాకముందే పీకేస్తావా? బ్రాక్‌మైయర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? చూశారా, వాళ్లే మూసుకున్నారంటాడు."

"అననీ."

"మార్వా, ఆ డిప్యూటీ నవ్వు బయటపడింది దీనివల్లే. అది మర్చిపోకు."

"మర్చిపోలేదు. ఆ నవ్వు విన్న చెవులతోనే ఈ సెంటువాడి మాటా విన్నాను. రాబందులకి దీపం పట్టుకుని దారి చూపించే పని నాకెందుకు?"

"రాబందులొస్తాయని ఊరంతా దీపాలార్పేసుకుంటుందా?"

"ఊరి సంగతి ఊరు చూసుకుంటుంది. నా దీపం నేనార్పాను. నాకు మీరెవరూ నచ్చడం లేదు ఎల్డన్. ఆ షెరీఫూ నచ్చడం లేదు, ఈ వినేవాళ్లూ నచ్చడం లేదు. నువ్వు మంచివాడివే. అయినా ఇవాళ నువ్వూ నచ్చడం లేదు. ఇంటికి పో."

అతను వెళ్లిపోయాడు. మరీ నిష్ఠూరంగా మాట్లాడానని తర్వాత ఆమెకి అనిపించింది గాని, ఫోన్ చేసి ఆ మాట చెప్పలేదు.

సమావేశానికి వెళ్లకూడదనే అనుకుంది. కాని ఒప్పుకున్న మాట. కోర్టు భవనంలో కింది హాలు నిండిపోయింది. షెరీఫ్ బ్రాక్‌మైయర్ లేచి, గొంతు తగ్గించి, షెప్లర్ల ఇంటి సంగతి ఎత్తుకున్నాడు. ఒక నిస్సహాయుడైన పెద్దమనిషిని లోపలి బట్టల్లో ఊరంతా చూసింది, కాలుతున్న ఇంటి ముందు దోపిడీగాళ్లు సంతకాలు పెట్టించుకున్నారు, ఇందుకే రేడియోకి తాళం కావాలి అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. లోవెల్ చక్రాల కుర్చీలో మూడో వరసలోనే ఉన్నాడు. అతని వైపు షెరీఫ్ ఒక్కసారి కూడా చూడలేదు. తర్వాత ట్రేసీ లేచింది. తన పేజీ పేరు అచ్చువేసిన చొక్కా వేసుకుని, అలాంటి చొక్కాలు బయట బల్ల మీద అమ్మకానికి పెట్టి, తెలుసుకునే హక్కు ప్రజలదని చెప్పింది. చప్పట్లు పడ్డాయి.

మార్వా వంతు వచ్చింది. ఆమె కాగితం ఏదీ తెచ్చుకోలేదు.

"ఈ గదిలో ఎవరి పక్కన కూర్చోవాలన్నా నాకు రోతగా ఉంది," అంది. "షెరీఫ్, మీ కుర్రాడు నవ్విన నవ్వు నేను విన్నాను. అది మళ్లీ ఎవరూ వినకూడదని తాళం అడుగుతున్నారు. ఆ మాట తిన్నగా చెప్పండి. లోవెల్ చెడ్డీ అడ్డం పెట్టుకోకండి. ట్రేసీ, నువ్వు అమ్ముకునేది హక్కు కాదు తల్లీ, చొక్కాలు. ఈ రేడియో నేను పెట్టించింది పెళ్లాలు భయపడకుండా ఉండటానికి. మీరు దాన్ని కుళ్లబెట్టారు. నేను దాన్ని మూసేశాను. నాకు చెప్పాల్సింది ఇంకేమీ లేదు."

 పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకుని, ధన్యవాదాలు మిసెస్ డొలెన్స్కీ అని, తర్వాతి పేరు పిలిచాడు. అంతే జరిగింది. ఎవరూ సిగ్గుపడలేదు. తీర్మానం ముందే టైపు చేయించి ఉంది. షెరీఫ్ గుంపులకి తాళం, ఫైర్‌కీ అంబులెన్స్‌కీ లేదు. అంటే కొట్టించుకున్న ఆడమనిషిని చూసి డిప్యూటీ నవ్వే నవ్వు ఇక ఎవరికీ వినిపించదు. మత్తులో పడ్డ కుర్రాడి ఇంటి నంబరు మాత్రం అందరికీ వినిపిస్తూనే ఉంటుంది.

మార్వా తీగ లాగేసినంత మాత్రాన ఏమీ ఆగలేదు. కొండ అవతలి ఊళ్లో ఇంకెవరో స్కానర్ పెట్టి ఇంటర్నెట్‌కి తగిలించారు. ట్రేసీ పేజీ యథావిధిగా నడిచింది. వ్యాన్లు యథావిధిగా వచ్చాయి.

షెప్లర్లు వాండా చెల్లెలి ఇంట్లో తలదాచుకున్నారు. ఆ సెంటువాడి కంపెనీ ఇంటికి చెక్కలు కొట్టి, వాటా పుచ్చుకుని, మిగతా పనికి ఇవాళ రేపు అంటూ తిప్పింది. మార్వా చారు కాచి తీసుకెళ్లేది. ఒకరోజు ఉండబట్టలేక, ఆ రాబందు విన్నది తన రేడియోనే అని వాండాతో చెప్పేసింది. తిట్టించుకోవడానికి సిద్ధపడే చెప్పింది.

వాండా తల ఎత్తలేదు. "నాకు తెలుసు. నేనూ వినేదాన్ని కదా, రోజూ," అంది. "ట్రేసీ పేజీలో ఆ లోకస్ట్ వీధి కుర్రాడి విషయం వచ్చినప్పుడు కింద నవ్వు బొమ్మ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అందరూ పెడుతుంటే పెట్టాను. మొన్న మా ఇల్లు కాలుతున్న వీడియో కింద ఎవరో అలాంటిదే పెట్టారు."

మార్వా చేతిలో గరిటె ఆగింది. మంట ముందు వట్టి కాళ్లతో నిలబడ్డ ఈ మనిషేనా ఆ బొమ్మ పెట్టింది? ఈ ఊళ్లో రోత పుట్టించని మొహం ఒక్కటైనా మిగిలిందా? గిన్నె అక్కడే వదిలి కోటు తొడుక్కుని వచ్చేసింది. రెండు వారాలు ఆ ఇంటి వైపు పోలేదు. తర్వాత లోవెల్‌కి ఆ చెల్లెలి వంట పడడం లేదని విని మళ్లీ చారు కాచింది. గుమ్మంలో గిన్నె ఇచ్చేది, లోపలికి మాత్రం వెళ్లేది కాదు. అలా కొన్నాళ్లు నడిచాక, బయట వాన పడుతున్న ఒక రోజు, వాండా కుర్చీ లాగితే కూర్చుంది.

స్కానర్‌ని ఆమె పారేయలేదు. ఫైర్ గుంపు ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేసింది. ర్యాండల్‌ని అడిగి, ఇల్లు కాలిన చోటికి దుప్పట్లు తీసుకుని తనూ వెళ్లడం మొదలుపెట్టింది. ఆమె నేరుగా వింటుంది, ఇంటర్నెట్ ఆలస్యం లేదు. పైగా ఆ కంపెనీల వాళ్లు నది దాటి రావాలి. అందుకని చాలాసార్లు వ్యాన్ల కన్నా ముందే చేరేది. దుప్పటి కప్పి, ఇవాళ దేని మీదా సంతకం పెట్టకండి, దేవుడే దిగివచ్చి కాగితం ఇచ్చినా పెట్టకండి అని చెప్పేది. కొందరు విన్నారు. ఎల్డన్ ఆమె కారులో దుప్పట్లు సర్దిపెట్టేవాడు. ఆ రోజు మాటల ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

వేసవిలో నది దిగువన ఒక రేకుల ఇల్లు కాలింది. పెళ్లాం బిడ్డలతో కట్టుబట్టలతో మిగిలిన ఒక యువకుడికి ఆమె ఇదే మాట చెప్పింది. అతను తలూపాడు. అంతలో ఆ సెంటువాడు దిగి, ఈ రోజుకి మోటెల్‌లో గది ఇప్పిస్తాను, పిల్లలకి స్నానాలూ తిండీ చూస్తాను అన్నాడు. యువకుడు మార్వా వైపు ఒకసారి చూసి, కలం అందుకున్నాడు. పిల్లలు మసి మొహాలతో నిలబడి ఉన్నారు. 

సెంటువాడు కాగితం మడుచుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు. ఆమె ఎవరో ఈపాటికి వాడికి తెలిసింది. "మీరే కదా ఆ రేడియో ఆవిడ? ఎందుకండీ మా మీద పగ? మేమూ సాయం చెయ్యడానికేగా వచ్చేది," అన్నాడు.

మార్వా వాడి బూట్ల వైపు చూసింది. వాటికి బురద అంటలేదు. మిగిలిన ఒక్క దుప్పటిని బిడ్డనెత్తుకున్న తల్లికి కప్పి, కారెక్కింది. ఇంటికొచ్చి మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. మర్నాడు ఉదయం వాడిన దుప్పట్లు మిషన్‌లో వేసి, ఉతికినవి కారులో పెట్టుకుంది.